అక్కడ గంట జరిగితే

నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారం గంట వెనక్కి జరగగానే, హైదరాబాద్‌లో న్యూయార్క్ వేళలకు పనిచేసే అమ్మకు సాయంత్రం ఆరున్నర మీటింగ్ కాస్తా ఏడున్నరవుతుంది. పిల్లలకు అన్నం పెట్టే వేళకే హెడ్‌ఫోన్ తగిలించుకోవాలి. ఈ మార్పు ఆగాల్సిందే. అలాగని గడియారాన్ని గంట ముందుంచే వేసవి సమయమే ఏడాదంతా ఉంచుదామన్న 2022 నాటి సెనేట్ బిల్లును మాత్రం నేను ఒప్పుకోను. 1974 జనవరిలో అది చేసి చూశారు. చిమ్మచీకట్లో పిల్లల్ని బడికి పంపాల్సొచ్చి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు, అక్టోబరుకల్లా చట్టం మార్చారు. సూర్యుడి నడకకు దగ్గరగా ఉండే ప్రామాణిక సమయమే స్థిరపడాలి. మనకు ఏడున్నరే ఖాయమైనా సరే, ఏటా రెండుసార్లు ఇల్లు తారుమారు కాదు. నవాజో ప్రాంతం మినహా అరిజోనా 1968 నుంచి ఇలాగే ఉంది. మిగతా రాష్ట్రాలూ ఆ దారే పట్టాలి.