ర్యాంపు కడితే తీరని వైకల్యం

కిష్టారెడ్డిపేటలో గది తీసుకుని, పటాన్‌చెరులో షిఫ్టు చేసుకుంటూ సర్కారు కొలువుకు చదువుతున్న తమ్ముడూ, చెల్లె, ఈ మాట మీకోసమే. మీ చుట్టుపక్కలే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, భానూరులో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నాయి. అన్నీ ప్రభుత్వ రంగమే.

వికలాంగుల ఉద్యోగాలు అనగానే మనకు గుర్తొచ్చేది చక్రాల కుర్చీ, ర్యాంపు. అవి కావాల్సిందే. కానీ మన దేశంలో ఆదివాసీల్లోనే ఎక్కువగా ఉండే ఒక వైకల్యం బయటికి కనబడదు. అదే సికిల్ సెల్ వ్యాధి. నెత్తుటి కణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు విరిచినంత నొప్పి వస్తుంది. నొప్పి లేని రోజు మనిషి అందరిలాగే ఉంటాడు. అందుకే "పని ఎగ్గొట్టడానికి నాటకం" అనేస్తారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా ఉన్నాయి. కానీ 34వ సెక్షన్ చదవండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన ఆ జాబితాలో ఈ రక్త వ్యాధులు లేవు! 40 శాతం వైకల్యం ఉంటే ఉన్నత విద్యలో 5 శాతం సీట్లకు మాత్రం అదే మనిషి అర్హుడు. అంటే సీటుకు వికలాంగుడు, కొలువుకు కాడు. ఇదెక్కడి లెక్క?

"ఎస్టీ కోటా ఉంది కదా" అంటారు. నిజమే, ఉంది. కానీ ఆ కోటాలో జబ్బుతో చదివినవాడు, జబ్బు లేనివాడు ఒకే గీత మీద నిలబడి పరుగెత్తాలి.

కొలువు దొరికినా నిలబడాలి కదా. కావాల్సినవి పెద్దవేం కావు. అందుబాటులో మంచినీళ్లు, మధ్యలో కాస్త విరామం, విపరీతమైన ఎండ, చలి తగలని పని, నొప్పొచ్చిన రోజు బతిమాలకుండా దొరికే సెలవు. ఇది దయ కాదు. తగిన సౌకర్యం కల్పించాలని 20వ సెక్షనే ప్రభుత్వ సంస్థలకు చెప్పింది. ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలని 23వ సెక్షన్ చెప్పింది.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 గడువు పెట్టుకుంది. పరీక్షలు చేయడం మంచిదే. కానీ జబ్బుందని చెప్పి కార్డు చేతిలో పెట్టాక, ఆ పిల్లలు బతికేదెట్ల?

కాబట్టి వ్యాధి ఉన్నవాళ్లు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టండి. మిగతావాళ్లం మన ఎంపీలను సూటిగా అడుగుదాం: 34వ సెక్షన్‌లో రక్త వ్యాధులను ఎప్పుడు చేరుస్తారు? చట్టం చేసింది పార్లమెంటు. సవరించాల్సిందీ అదే.

జై ఆదివాసీ!