ముందు వచ్చినవారు, వెనుక వచ్చినవారు



ఈ నెల చిన్నదిగా కనబడే ఒక పెద్ద సంగతిని మీ ముందు ఉంచుతున్నాము. కౌతాళములోనైనా, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలోనైనా సాయంకాలము అరుగుమీద నలుగురు పిల్లలు చేరితే నాలుగు తలలూ ఫోన్లలోనికి వంగి ఉంటాయి. కొంతసేపటికి తగవు మొదలవుతుంది. “నువ్వు రెండేండ్ల నుంచి ఆడుతుండావు గదన్నా, నేను నిన్న మొదలుపెట్టినాను, నీతో నేనెట్ల గెలిచేది?” అని తమ్ముడు. “నేను రాత్రులు మేలుకొని సంపాదించింది నీకు ఊరికే ఎందుకు రావల్ల?” అని అన్న. తల్లి వచ్చి ఫోను లాక్కొంటుంది. తగవు ఆగుతుంది గాని తీరదు.

ఫోను వాడకము మంచిదా చెడ్డదా అని ఈ శీర్షికలో పలుమార్లు ముచ్చటించుకొన్నాము. ఈసారి ఆ ప్రక్కకు పోము. ఆ ఇద్దరు పిల్లలు అడిగినది న్యాయమును గురించిన ప్రశ్న. ముందు వచ్చినవానికి ఏమి చెల్లవలెను? వెనుక వచ్చినవానికి ఏమి చెల్లవలెను? ఈ ప్రశ్నకు ఇంటిలో జవాబు దొరకని బిడ్డ రేపు బడిలోనూ, సంఘములోనూ, ఉద్యోగములోనూ అదే ప్రశ్నతో తిరుగుతాడు.

ఆ ఆట ఎటువంటిది?

ఆన్‌లైన్ ఆటలలో రోల్ ప్లేయింగ్ గేములు అని ఒక రకమున్నది. నాటకములో వేషము కట్టినట్లు, ఆడేవాడు అందులో తనకొక పాత్రను ఏర్పరచుకొంటాడు. ఆ పాత్రకు పేరు, వృత్తి, ఆయుధము ఉంటాయి. మొదట అది ఒకటవ లెవెల్‌లో ఉంటుంది. పనులు చేసేకొద్దీ, శత్రువులను జయించేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. చదరంగములో ఆట ముగియగానే పావులన్నీ మరల తమ గళ్లకు వస్తాయి. ఇక్కడ అట్లు కాదు. నిన్నటి సంపాదన నేడూ ఉంటుంది, నేటిది రేపటికి కలుస్తుంది. వేలమంది ఒకే లోకములో తిరుగుతుంటారు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలు ఈ దారిని వెడల్పు చేశాయి. మన పల్లెల పిల్లలు ఎక్కువగా ఆడేవి తుపాకుల ఆటలే అయినా, లెవెళ్లు, హోదాలు, కొనుక్కొనే సామగ్రి వాటిలోనికి కూడ వచ్చాయి.

సంపాదన నిలిచి ఉండే చోట ముందు చేరినవాడు ముందుంటాడు. ఐస్‌లాండ్ దేశపు కంపెనీ ఒకటి 2003లో తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్ దీనికి మంచి ఉదాహరణ. అందులో నైపుణ్యము గడియారమును బట్టి పెరుగుతుంది. ఆడేవాడు నిద్రపోయినా అది పెరుగుతూనే ఉంటుంది. 2016 వరకు పదేండ్లు ఆలస్యముగా చేరినవాడు ఎంత పాటుపడినా మొత్తము లెక్కలో పాతవానిని అందుకోలేకపోయేవాడు. ఇది వినగానే తమ్ముని పక్షమున మన మనస్సు కరుగుతుంది. అయితే అదే ఆటలో మరొక ఏర్పాటున్నది. ప్రతి నైపుణ్యమునకు అయిదు మెట్లే. కొత్తవాడు ఒక్క రకము ఓడను ఎన్నుకొని దానికి కావలసినవి మాత్రమే నేర్చుకొంటే, ఆ ఒక్క పనిలో పాతవానికి సరిజోడు కాగలడు. పాతవానికి చేతనైన పనులు ఎక్కువ, అంతే. ఒక్క పనిలోనైనా పెద్దవానితో సమానముగా నిలువగలనని తెలిసిన పిల్లవాడు దిగులుపడడు.

పెద్దవాని బాధలోనూ నిజమున్నది

అన్న మాటను కూడ తేలికగా తీసివేయరాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదట 60వ లెవెలే ఆఖరిది. అక్కడికి చేరినవారు నలభైమంది జట్టుగా కూడి, నెలల తరబడి శ్రమించి గొప్ప ఆయుధములు సంపాదించుకొన్నారు. 2007 జనవరిలో కంపెనీవారు ఆటను పొడిగించి ఆఖరి లెవెల్‌ను 70 చేశారు. కొత్త ప్రాంతములో మామూలు పనులకు దొరికే సామగ్రి పాత గొప్ప సామగ్రి చాలావాటిని మించిపోయింది. నెలల కష్టము కొద్ది రోజులలో వెలవెలపోయింది. కొత్తవారికి ఇది మేలే, ఎందుకంటే అందరూ ఇంచుమించు ఒకే గీతమీద నిలబడ్డారు. పాతవారికి మాత్రము తమ శ్రమను ఎవరో చీపురుతో ఊడ్చినట్లయింది.

అక్కడితో ఆగలేదు. పొడిగింపు వెంట పొడిగింపు వచ్చి 2018 నాటికి ఆఖరి లెవెల్ 120 అయింది. కొత్తగా చేరినవాడు 120 మెట్లు చూచి గుండె జారి వెనుకకు పోయే పరిస్థితి ఏర్పడింది. అందుచేత 2020 అక్టోబరులో లెవెళ్లన్నిటినీ కుదించారు. 120లో ఉన్న పాత్ర 50వ లెవెల్‌కు వచ్చింది. ఒకనికి మరొకనికి ఉన్న తేడా పోలేదు, మెట్ల సంఖ్య మాత్రమే తగ్గింది. పాతవాని స్థానము అట్లే ఉన్నది, కొత్తవానికి కొండ చిన్నదయింది. ఈ రెండు మార్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మొదటిది పాతవాని చేతిలోనిది విలువ లేకుండ చేసింది. రెండవది ఎవని చేతిలోనిదీ తీయకుండ దారిని దగ్గర చేసింది.

మన జాతరలలో ఉన్న తెలివి

ఇటువంటి తెలివి కోసము దూరదేశములకు పోనక్కరలేదు. మన కర్నూలు సీమలో ఎద్దుల బండలాగుడు పోటీలు చూడనివారు అరుదు. అక్కడ గిత్తలన్నిటినీ ఒకే బండకు కట్టరు. ముందు పళ్లు చూస్తారు. పాలపళ్ల గిత్తలకు ఒక పోటీ, రెండు పళ్లవాటికి ఒకటి, నాలుగు పళ్లవాటికి, ఆరు పళ్లవాటికి వేరువేరు పోటీలు, ఆ పైన సీనియర్ విభాగము. బండ బరువులు కూడ వేరు. పాలపళ్ల గిత్త ఓడిపోతే తన ఈడు గిత్త చేతిలోనే ఓడిపోతుంది. అందులో అవమానము లేదు. సీనియర్ ఎద్దు గౌరవము కూడ తగ్గదు, ఎందుకంటే పెద్ద బండను లాగేది అదే.

ఆటలు తయారుచేసేవారు కొందరు ఇదే దారి పట్టారు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2లో 80వ లెవెల్ పాత్ర మొదటివారి ప్రాంతమునకు వస్తే దాని బలము ఆ ప్రాంతమునకు తగినట్లు తగ్గిపోతుంది. పైగా ఆ ఆటలో ఆఖరి లెవెల్ 80 దాటనేలేదు. 2004లో మొదలై 2012లో మూతబడిన సిటీ ఆఫ్ హీరోస్‌లో పెద్దవాడు చిన్నవానిని తన వెంట తీసికొనిపోతే, చిన్నవాని బలము ఆ కొంతసేపు పెద్దవాని దగ్గరకు పెరిగేది. ఫైనల్ ఫాంటసీ 14లో, ఒక ఘట్టమును మొదటిసారి ఆడే మనిషి జట్టులో ఉంటే పాతవారికి అదనపు బహుమానము దొరుకుతుంది. కొత్తవాడు వస్తే “వీడొక బరువు” అని విసుగుకొనేవారు, ఆ ఏర్పాటు వలన “రా తమ్ముడూ” అని పిలుస్తారు.

రోజంతా ఆడే తీరిక లేనివారిని కూడ కొందరు తలచుకొన్నారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కొంతకాలము ఆడకుండ విశ్రాంతిగా ఉన్న పాత్రకు, తిరిగి వచ్చినప్పుడు శత్రువులను జయిస్తే వచ్చే ఫలము కొంతవరకు రెండింతలుగా ఉంటుంది. ఇంటి పని, బడి పని ఉన్నవాడు మరీ వెనుకబడకుండ ఇది కాపాడుతుంది.

ఓటు ఎవరిది?

ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము పేరు మన ప్రాంతములో అందరికీ తెలుసు. సహకార పద్ధతిలో సభ్యునికి ఒకే ఓటు. నిన్న చేరిన నేతగానికీ, తండ్రి నాటినుండి ఉన్న సభ్యునికీ ఓటు సమానమే. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆటలో కూడ 2013 నుండి మార్పులను ఆటగాండ్ర ఓటుకు పెడుతున్నారు. మొదట నూటికి 75 మంది ఒప్పుకోవలసి ఉండేది, 2022లో దానిని 70 చేశారు. పద్ధతి మంచిదే. అయితే ఒక్క లోపమున్నది. ఇంకా చేరనివానికి ఓటు లేదు. ఉన్నవారు తమకు అనుకూలముగా ఓటు వేసుకొంటే రాబోయేవానికి తలుపు ఇరుకవుతుంది. యువజన సంఘము కానివ్వండి, మహిళా పొదుపు సంఘము కానివ్వండి, పాతవారు కూర్చుని నియమము వ్రాసేటప్పుడు ఖాళీగా ఉన్న ఆ కుర్చీని కూడ ఒకసారి చూడవలెను.

డబ్బు జొరబడితే

పాత, కొత్తల నడుమ దూరమును తగ్గించుటకు సులువైన మార్గమని చాల కంపెనీలు డబ్బును ఎన్నుకొన్నాయి. 2014లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌వారు 60 డాలర్లకు ఒక పాత్రను నేరుగా 90వ లెవెల్‌కు చేర్చే ఏర్పాటును అమ్మకానికి పెట్టారు. మన డబ్బులో అది వేల రూపాయలు. ఈవ్ ఆన్‌లైన్‌లో 2016 ఫిబ్రవరి నుండి ఒకని నైపుణ్యమును తీసి ఇంకొకనికి అమ్మే వీలు కల్పించారు. అందులో కొంత దయ కూడ ఉన్నది. ఒకే మందును బాగా కొత్తవాడు వాడితే 5,00,000 పాయింట్లు, బాగా ముదిరినవాడు వాడితే 1,50,000 మాత్రమే వస్తాయి. అయినను మొదట మందు కొనగలిగినవానికే ఆ దయ అందుతుంది. పాతవానికీ కొత్తవానికీ నడుమ ఉన్న తగవు ఉన్నవానికీ లేనివానికీ నడుమ తగవుగా మారిపోతుంది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెముగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అది మేలైన పని. కాని ఆటలో ఆయుధము కొనుక్కొనుట, లెవెల్ కొనుక్కొనుట పందెము క్రిందికి రావు. అక్కడ కాపలా ఉండవలసినది ఇల్లే.

బడిలో ఇదే కథ

ఇదంతా మేము ఎందుకు వ్రాస్తున్నామో ఇప్పుడు చెబుతాము. కౌతాళము, కోసిగి ప్రాంతములనుండి ఏటేటా ఎన్నో కుటుంబములు సుగ్గికి పోతాయి. మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వెళ్లి నెలల తరబడి అక్కడనే ఉంటాయి. వెంట వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చి తరగతిలో కూర్చునేసరికి లెక్కల పుస్తకము సగము దాటిపోయి ఉంటుంది. తోటివారు భిన్నములు చేస్తుంటే ఈ బిడ్డ భాగహారమువద్దనే ఉంటాడు. ఆ బిడ్డ ఊరికే మార్కులు వేయమని అడుగుట లేదు. ఎక్కుటకు మెట్లు చూపమంటున్నాడు. పిల్లలను ఊరిలోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు అటువంటి మెట్లే. సాయంత్రము అరగంట కూర్చోబెట్టి, పోయిన పాఠము చెప్పే తోటి విద్యార్థి కూడ అటువంటి మెట్టే. ఆటలో సిటీ ఆఫ్ హీరోస్ చేసినది మన వీధిలో ఒక తొమ్మిదవ తరగతి పిల్ల చేయగలదు.

ద్రాక్షతోట పనివారి ఉపమానము మన పాఠకులకు కంఠస్థమే. ప్రొద్దున వచ్చినవారికీ, ప్రొద్దుగుంకే వేళ వచ్చినవారికీ ఒకే కూలి ముట్టింది. ముందు వచ్చినవారు సణిగారు. వారికి ఒప్పుకొన్న కూలిలో ఒక్క కాసు తగ్గలేదు. ప్రక్కవానికి ముట్టినదే వారికి బరువయింది. ఈ కథనుండి ఇంటి తగవులకు పనికివచ్చే రెండు ప్రశ్నలు తీసికొనవచ్చును. ఒకటి: కొత్తవానికి ఇచ్చినందువలన పాతవాని చేతిలోనిది ఏమైన పోయిందా? పోయి ఉంటే అతని మొర వినవలెను. పోకపోతే అది సణుగుడే. రెండు: కొత్తవాడు కష్టపడితే ముందుకు పోవుటకు దారి ఉన్నదా? లేకపోతే ఆ నియమము మార్చవలెను. ఉన్నదంటే అతడు ఓపిక పట్టవలెను.

తలిదండ్రులకు నాలుగు మాటలు

1. పిల్లలు ఆటను గురించి తగవులాడినప్పుడు వెంటనే ఫోను లాక్కొనవద్దు. ముందు పైన చెప్పిన రెండు ప్రశ్నలు వారినే అడగండి. జవాబు వారినోటనే రానివ్వండి. తరువాత ఫోను ప్రక్కన పెట్టించండి.

2. లెవెల్‌కు, ఆయుధమునకు డబ్బు అడిగితే “మిరపచేలో ఇది ఎన్ని రోజుల కూలి?” అని లెక్క వేయించండి. కోపముతో కాదు, కాగితము మీద. మీ ఫోనులోని పేమెంటు రహస్య సంఖ్యను పిల్లలకు తెలియనియ్యవద్దు.

3. పెద్దవాని శ్రమను ఎగతాళి చేయవద్దు. “ఉత్త ఆటేగదా” అంటే అతని మనస్సు మూసుకొనిపోతుంది. “ఇంత ఓపిక నీకున్నది, దానిలో సగము తమ్మునికి లెక్కలు చెప్పుటకు పెట్టు” అంటే వింటాడు.

4. చిన్నవానికి ఊరికే గెలుపు ఇప్పించవద్దు. తన ఈడువారితో, తన బండతో పోటీ పడనివ్వండి.

ముందు వచ్చినవానికి గౌరవము చెల్లవలెను, అది వెనుక వచ్చినవానికి అడ్డుగోడ కారాదు. వెనుక వచ్చినవానికి దారి చూపవలెను, ఆ దారి ముందు వచ్చినవాని కష్టమును తొక్కుకొంటూ పోరాదు. ఇంటిలో, బడిలో ఈ రెండూ కలిసి నడిచే ఏర్పాట్లు చేయుట పెద్దలమైన మన పని. ఈ నెలలో సుగ్గినుండి తిరిగి వచ్చిన బిడ్డ మీ వీధిలో ఉంటే, ఎంతవరకు చదివి ఆగాడో అడిగి తెలిసికొనండి.