సింకు వేరు, బ్యాకప్ వేరు

నర్సీపట్నం నుంచి ఒక సోదరి: “చోటు చాలక టాబ్లెట్‌లో పాత ఫొటోలు చెరిపేశాను. కంప్యూటర్‌లోవి కూడా మాయమయ్యాయేం?”

జవాబు: అమ్మా, సింకు అద్దంలో బొమ్మ వంటిది, అసలు పోతే అదీ పోతుంది. బ్యాకప్ అంటే అసలు పోయినా నిలిచే విడి నకలు. కంగారు పడకండి. చెరిపిన ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయివుంటే 60 రోజులు, ఐక్లౌడ్‌లో అయితే 30 రోజులు వేరే అరలో ఉంటాయి. గడువు దాటకుండా వెనక్కు తెచ్చుకోండి.

ఇకమీదట నెలకొకసారి అన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. మన వైపు తుపానులు కొత్త కాదు. 2014 నాటి హుద్‌హుద్ గుర్తుంది కదా! అందుకే మరో నకలు వేరే ఊళ్ళో, పుట్టింట్లోనైనా ఉంచండి. చెరిపే ముందు ఆ నకలు తెరిచి చూసుకోవాలి సుమా!