మన డబ్ల్యూపీకి మౌల్డు ఎవరు చేస్తారు?

మా ఇస్నాపూర్ ఇంట్లో అద్దాల అల్మారాలో ఒక అర నిండా ఒకే ఇంజన్ ఉంటుంది. ఇంగ్లండు వాళ్ల ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, హార్న్‌బీ కంపెనీ బొమ్మలు. లేత ఆకుపచ్చది, ముదురు ఆకుపచ్చది, 4472 నంబరుది, 60103 నంబరుది, రెండు టెండర్లది (టెండరంటే ఇంజన్ వెనకుండే బొగ్గుపెట్టె). మా టూల్‌రూమ్ కుర్రాళ్లు ఇంటికొచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: "గీ ఒక్క ఇంజన్నే ఎన్నిసార్లు కొంటవన్నా?"

జవాబు ఆ ఇంజన్ బతుకులోనే ఉంది: అది రూపం మార్చుకుంటూనే పోయింది, మారినప్పుడల్లా ఒక కొత్త బొమ్మ. 1923లో డాన్‌కాస్టర్‌లో తయారైంది, డిజైన్ నైజెల్ గ్రెస్లీది. మొదట దాని నంబరు 1472. మరుసటి ఏడాది వెంబ్లీ ప్రదర్శనకు పంపేనాటికి 4472 చేశారు. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తాల్సి వచ్చింది. నడుస్తున్న బండిలోనే సిబ్బంది డ్యూటీ మారాలని, లోపల నడవా ఉన్న టెండర్ తగిలించారు. 1934లో గంటకు 100 మైళ్లు అందుకుంది. యుద్ధంలో నల్లరంగు పూశారు. 1947లో బాయిలర్ మార్చారు. 1961లో, డ్రైవరు కళ్లకు పొగ అడ్డం రాకుండా ముందు రెండు పక్కలా రేకులు బిగించారు. 1963లో సర్వీసు నుంచి తీసేస్తే అలన్ పెగ్లర్ అనే ఆయన కొన్నాడు, 1969లో అమెరికా తీసుకెళ్లాడు, దివాలా తీశాడు. ఇష్టం ముదిరితే అంతే మరి.

అయితే సేకరించేవాళ్లతో నాకో పేచీ ఉంది. బాక్సు మీద కొత్త పేరు, బొమ్మకు కొత్త రంగు కనబడగానే కొత్త వెర్షన్ అనుకుంటారు. నేను పాశమైలారం పారిశ్రామికవాడలో ఇంజెక్షన్ మౌల్డింగ్ డైలు చేసేవాణ్ని. బొమ్మ చేతికి రాగానే ముందు బాయిలర్ వీపు మీద పార్టింగ్ లైన్, అంటే డై రెండు సగాలూ కలిసే గీత, ఎటు పోయిందో చూస్తాను. తిరగేసి, బొమ్మను డైలోంచి బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్ గుర్తులు చూస్తాను. బాయిలర్ పక్కన చేతికడ్డీ ప్లాస్టిక్‌తో కలిసే పోసిందా, సన్నని తీగతో విడిగా గుచ్చిందా చూస్తాను. పాత హార్న్‌బీల్లో మోటారు టెండర్‌లో ఉండేది. అంటే వెనకనున్న బొగ్గుపెట్టె నెడితే ఇంజన్ కదిలేది! తర్వాత మోటారు ఇంజన్‌లోకి వచ్చింది. అదీ వెర్షన్ అంటే. అదే డైలో పోసి రంగు మార్చినదానికి రెండోసారి డబ్బు పెట్టొద్దని నా సలహా.

ఇంతకీ నా అసలు బాధ వేరు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ లాగే మన రైల్వేల ఆవిరి ఇంజన్ డబ్ల్యూపీ కూడా పసిఫిక్ ఇంజనే: ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. తూటా ముక్కు, దాని మీద నక్షత్రం. 1947లో తొలి 16 ఇంజన్లు అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ చేసింది. తర్వాత కెనడా, పోలండ్, ఆస్ట్రియా నుంచీ వచ్చాయి. 1963 నుంచి 1967 దాకా చిత్తరంజన్ ఫ్యాక్టరీలో మనమే 259 చేసుకున్నాం. మొత్తం 755. ఇన్ని దేశాల్లో పుట్టిన ఇంజన్‌కు వెర్షన్లకేం కొదవ? కానీ సికింద్రాబాద్, కోఠీ బొమ్మల షాపుల్లో స్కేలుకు సరిపోయే డబ్ల్యూపీ నాకింతవరకు దొరకలేదు.

చేసేవాళ్లకు ఒక మాట. 1:87 స్కేలులో బయట దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి లెక్క. మన బ్రాడ్‌గేజి 1676, కాబట్టి మన బొమ్మకు 19.26 రావాలి. రెడీమేడ్ పట్టాల కోసం ఇరుకు చేస్తే డబ్ల్యూపీ కాళ్లు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డట్టుంటుంది. అల్మారాలో పెట్టుకునేదానికి ఆ రాజీ ఎందుకు?

గిరాకీ లేదంటారు. మౌల్డుకు లక్షలవుతాయంటారు. నిజమే, అవుతాయి. కానీ డై ఒక్కటి చేసి, మారే భాగాలకు ఇన్సర్టులు, అంటే డైలో మార్చి బిగించే ముక్కలు, పెట్టుకుంటే పోలండ్‌దీ, చిత్తరంజన్‌దీ అందులోంచే తీయొచ్చు. సీసా మూతలకు రోజూ చేస్తున్న పనే ఇది. మా ఇస్నాపూర్‌కు రైలు లేదు, బండెక్కాలంటే లింగంపల్లి పోవాలి. అయినా పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఆవిరి టర్బైన్లు తయారవుతాయి. శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో 2023లో కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. చేతి పనితనానికి ఈ బెల్టులో లోటు లేదు.

రేవాడీ ఆవిరి ఇంజన్ల షెడ్డులో 7161 నంబరు డబ్ల్యూపీ, 'అక్బర్', ఉంది. కొలతలు తీసుకోవచ్చు. పాశమైలారం యజమానులారా, ఆర్డర్లు తగ్గి మెషీన్లు ఖాళీగా ఉండే నెలలు మీకూ తెలుసు, మాకూ తెలుసు. అలాంటి నెలలో ఒక్క ట్రయల్ షాట్ వేయించండి. డై పని నేను చేస్తాను, మొదటి బొమ్మ డబ్బిచ్చి నేనే కొంటాను.