తల తిరిగితే పైత్యమేనా?



ఏటా అక్టోబరు 29న, ప్రపంచ పక్షవాత దినం నాడు కనిపించే పోస్టర్లలో సాధారణంగా మూడు బొమ్మలుంటాయి: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. చిన్నమెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతంలో ఈ మూడూ లేకపోవచ్చు. ఉన్నట్టుండి తల గిర్రున తిరగడం, వాంతులు, నిలబడితే తూలిపోవడం, అంతే. అది ముప్పై ఏళ్ల మనిషికి వస్తే ఇంట్లో పైత్యం చేసిందంటారు, ఎండదెబ్బంటారు. క్లినిక్‌లో బీపీ పడిపోయిందని సెలైన్ ఎక్కించి పంపేస్తారు.

బీపీ, షుగరు లేని కుర్రవాళ్లకు పక్షవాతమేమిటని అడగవచ్చు. మెడలోంచి మెదడుకు వెళ్లే ధమని లోపొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడులోకి కొట్టుకుపోతుంది. చిన్న వయసు పక్షవాతానికి ఇదొక ముఖ్య కారణం. బండి ప్రమాదంలో మెడ కుదుపుకు గురైనా, సెలూన్‌లో మసాజ్ చేసి మెడ పటుక్కున విరిచినా ఈ ముప్పు ఉంది. ఒక్కోసారి ఏ దెబ్బా తగలకుండానే వస్తుంది.

తల తిరిగిన ప్రతివారికీ స్కాన్ తీయమనడం లేదు. పక్కమీద అటూ ఇటూ తిరిగినప్పుడు వచ్చి నిమిషంలోపు తగ్గేది చాలావరకు చెవి సమస్యే. కానీ తల తిరగడం ఆగకుండా ఉండి, పట్టుకోకుండా నడవలేకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగలేకపోయినా, ఎన్నడూ లేని మెడనొప్పి వచ్చినా వయసు చూడకుండా 108కు ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యమైతే చిన్నమెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు.

సీటీ రిపోర్టులో నార్మల్ అని ఉంటే నిశ్చింతగా ఇంటికొచ్చేస్తాం. ఈ రకం పక్షవాతం తొలి గంటల్లో సీటీకి తరచూ దొరకదు. మొదటి రెండు రోజుల్లో ఎమ్మారై కూడా కొన్నిసార్లు తప్పుతుంది. శిక్షణ పొందిన నిపుణులు కళ్ల కదలికల్ని మంచం దగ్గరే పరీక్షించి, తొలి ఎమ్మారై కన్నా మెరుగ్గా దీన్ని పట్టుకోగలిగారని 2009లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. దానికి యంత్రం అక్కర్లేదు, శిక్షణ కావాలి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు నా విన్నపం: పక్షవాతం పోస్టరులో తూలిపోవడాన్ని, చూపు తేడాను కూడా చేర్చండి. అత్యవసర విభాగాల వైద్యులకు ఈ కంటి పరీక్ష నేర్పించండి. ఆగకుండా తల తిరుగుతున్న రోగిని, వయసెంతైనా సరే, నాలుగడుగులు నడిపించి చూడకుండా ఇంటికి పంపవద్దు.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఏలూరు