పాయింట్ల కోసం నేర్చిన తెలుగు నిలుస్తుందా?

మధుర నాయకుల కాలంలో ఈ సీమకు వచ్చిన మా పెద్దలు తెచ్చుకున్న తెలుగు, వాడిపట్టిలోని మా ఇళ్ళలో ఇంకా నోటి మాటగా ఉంది. రాతలో మాత్రం పోయింది. బడిలో మా పిలకాయలు తమిళం, ఇంగ్లీషు చదువుతారు. పెళ్ళి పత్రికలు కూడా మేము తమిళంలోనే అచ్చు వేయిస్తున్నాం. అందుకే "ఫోన్‌లో ఆటలాంటి యాప్ పెట్టి తెలుగు నేర్పిద్దాం" అని మా కుర్రవాళ్ళు అంటున్నారు. ఈ మాట మీద మా అభిప్రాయం చెప్పాలని ఇది రాస్తున్నాం.

ఆట కాని పనిలో ఆట లక్షణాలను వాడడాన్ని గేమిఫికేషన్ అంటారు. మనిషికీ కంప్యూటరుకీ మధ్య వ్యవహారాన్ని పరిశీలించే సెబాస్టియన్ డిటర్డింగ్, మరో ముగ్గురు పరిశోధకులతో కలిసి, 2011లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో జరిగిన సదస్సులో ఈ నిర్వచనం ఇచ్చారు. పాయింట్లు, బ్యాడ్జీలు, ఎవరు ముందున్నారో చూపే పట్టిక - యాప్‌లలో మనం చూసేవి ఇవే. అయితే పాయింట్లు అంటించినంత మాత్రాన ఏ పనీ ఆట అయిపోదని డిటర్డింగే వాదించారు.

2014లో యుహో హమారి బృందం ఇలాంటి 24 అధ్యయనాలను పరిశీలించింది. చాలావాటిలో మేలు కనిపించింది గానీ, అది ఎక్కడ వాడుతున్నారు, ఎవరు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి మారిందట. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే ఆశ చూపారు. కొన్నాళ్ళకు బహుమతి మాట లేకుండా చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్ళకన్నా తక్కువసేపు బొమ్మలు వేశారు.

మా ఇంట్లోనూ ఒకటి జరిగింది. ఒక చిన్నపాప ఇరవై రోజులు విడవకుండా ఫోన్‌లో తెలుగు పాఠం చదివి నక్షత్రాలు సంపాదించింది. మాకూ సంతోషమే. అదే సాయంత్రం అవ్వ "చెంబుతో నీళ్ళు తేమ్మా" అంటే, ఫోన్ మీద నుంచి తల ఎత్తకుండా "ఇదో వర్రేన్ పాట్టీ" అని తమిళంలో బదులిచ్చింది. నక్షత్రాలు పెరిగాయి, అవ్వతో తెలుగు మాట పెరగలేదు.

మా చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసిన అష్టా చెమ్మా ఉండేది. పాతిక ఇళ్ళు, నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. మేము "ఒణ్ణు, రెండు, మూణు" అని లెక్క మొదలుపెడితే అవ్వ ఒప్పుకునేది కాదు. తెలుగులో లెక్కపెడితేనే కాయ కదలాలి. రెండు భాషల్లోనూ ఒకటే గనుక "రెండు" ఒక్కటే తప్పించుకునేది! ఏ బ్యాడ్జీ లేకుండా ఆ అంకెలు మాకు వచ్చేశాయి.

మనిషి ఒక పనిలో నిలవాలంటే స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోటివారితో బంధం కావాలని మనస్తత్వవేత్తలు డెసీ, రయాన్ చెప్పారు. యాప్ ఆ నమ్మకం ఇస్తుంది. బంధం అవ్వ ఇస్తుంది.

అలాగని యాప్ వద్దనడం లేదు. మా అవ్వలకు మాట వచ్చు, అక్షరం రాదు. అక్షరాలకు ఫోన్ కావలసిందే. కానీ చదివిన పాఠం ఆ పూటే ఇంట్లో పెద్దలకు చదివి వినిపించాలి. పాఠంలో "పిల్లలు" అని ఉంటే, మన ఇంట్లో "పిలకాయలు" అంటామని అవ్వ చెబుతుంది. ఆ మాటను పాప తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాయాలి. పాయింటు ఇవ్వాలనుకుంటే దానికి ఇద్దాం.

యాప్‌లు చేసేవారికీ మా విన్నపం ఒకటే: మా ఇంటి మాటను తప్పుగా లెక్కవేయకండి, పెద్దల గొంతు కూడా పాఠంలో చేరే వీలు పెట్టండి. పాత అంకెలు పలికే అవ్వలు మా వీధిలో ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు. వాళ్ళు ఉండగానే ఈ ఆట మొదలుపెట్టాలి.