పాత కారులో ఎయిర్‌బ్యాగ్... ఉందా? పనిచేస్తుందా?

2019 జులై నుంచి మనదేశంలో కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ కార్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో అమ్మకానికి వస్తున్నాయి. స్టీరింగ్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంది కదా అని ధీమాగా కొనేస్తే సరిపోదు. ప్రమాదంలో ఒకసారి తెరుచుకున్న బ్యాగులు మళ్లీ పనికిరావు. కొత్తవి వేయాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని మూత మాత్రం మార్చేసి అమ్మేవాళ్లూ ఉంటారు.

అసలు సంగతి తెలియాలంటే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్‌ని అడగాలి. కారు గుద్దుకున్న తీవ్రతను పసిగట్టి, బ్యాగుల్ని తెరిపించే చిన్న కంప్యూటర్ ఇది. చాలా కార్లలో గేర్‌రాడ్ దగ్గర, కన్సోల్ కింద బిగించి ఉంటుంది.

దాని వివరాలు చూడ్డానికి ఏదీ విప్పక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి మెకానిక్ స్కానర్ తగిలిస్తాడు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, మెనూలో 'ఎస్‌ఆర్‌ఎస్' లేదా 'ఎయిర్‌బ్యాగ్' ఎంచుకుంటే మాడ్యూల్ పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు తెరమీదికొస్తాయి. చాలా మోడళ్లలో ఛాసిస్ నంబరు కూడా కనిపిస్తుంది. దాన్ని ఆర్సీతో పోల్చండి. తేడా ఉంటే మాడ్యూల్ వేరే కారు నుంచి తెచ్చి ఉండొచ్చు. పార్ట్ నంబరు మీ మోడల్‌కి సరిపోతుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి. పైకి ఒకేలా ఉన్నా రెండు బ్యాగుల కారు మాడ్యూల్, ఆరు బ్యాగుల కారు మాడ్యూల్ ఒకటి కావు.

తర్వాత లోపాల కోడ్‌లు చదివించండి. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు సాధారణంగా 'బి' అక్షరంతో మొదలవుతాయి. చౌక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. 'లోపాలు లేవు' అని అవి చూపించినా ఎయిర్‌బ్యాగ్ బాగున్నట్టు కాదు.

స్కానర్‌నీ ఏమార్చే మోసం ఒకటుంది. బ్యాగు స్థానంలో చిన్న రెసిస్టర్ పెడితే మాడ్యూల్ అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. కాబట్టి ప్రమాదం జరిగిందన్న అనుమానముంటే బ్యాగుల్ని నిపుణుడితో విప్పించి చూపించుకోవాల్సిందే.

మీరే చేయగల పరీక్ష కూడా ఉంది. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాల్సిందే. అంతేగానీ పసుపు రంగు కనెక్టర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటికి మీటరు పెట్టినా బ్యాగు ఒక్కసారిగా తెరుచుకునే ప్రమాదముంది.

అడ్వాన్సు ఇవ్వడానికి ముందే ఈ పరీక్షలు చేయించండి. అమ్మేవాళ్లు వద్దంటే... ఆ కారు గురించి మరోసారి ఆలోచించండి.